గుప్తదాతకు ఘన సన్మానం

ఆమె పేరు లింగవ్వ అనుకుందాం. అసలు పేరు అది కాదు. గుడి కూడా నేను చెప్పబోయే చోట లేదు, కొంచెం అటో ఇటో జరిపాను. గుడిని జరపడం పాపమేమో తెలియదు గానీ, అమ్మవారు ఇప్పటిదాకా అభ్యంతరం చెప్పలేదు. ఈ కథలో సగం నాకు భూమయ్య సేటు చెప్పాడు. మిగతా సగం ఎవరు చెప్పారని అడగొద్దు. అడిగితే అబద్ధం చెప్పాల్సి వస్తుంది. ఈ వయసులో కూడా నాకు ఆ పనికి ఓపిక ఉంది గానీ, వినే ఓపిక మీకు ఉండకపోవచ్చు.

ఆర్మూరు నుంచి పెర్కిట్ వెళ్ళే దారిలో, పసుపు చేల పక్కన ఒక పోచమ్మ గుడి ఉంది. చిన్నది. పదిమంది లోపల నిలబడితే పదకొండో మనిషి గడప బయటే. అయితే ఆ గుడిలో ఉన్నన్ని పేర్లు మా వార్డు ఓటర్ల జాబితాలో లేవు. గేటు మీద ఒక దాత పేరు, గేటుకు వేసిన తాళం మీద ఇంకో దాత పేరు. మెట్టుకో పేరు రాశారు. మెట్లు మూడే, దాతలు నలుగురు. అందుకని అవసరం లేని నాలుగో మెట్టు కట్టారు. దాన్ని ఎక్కినవాళ్ళు గుడిలోకి పోవాలంటే మళ్ళీ ఒక మెట్టు దిగాలి. ఫ్యానుకు మూడు రెక్కలు, ఇచ్చినవాళ్ళు ముగ్గురు అన్నదమ్ములు. రెక్కకొకరి పేరు ఎర్ర రంగుతో రాయించుకున్నారు. కరెంటు ఉన్నంతసేపు ఫ్యాను తిరుగుతుంది, పేర్లు కనబడవు. ఆ అన్నదమ్ములు గుడికి వచ్చిన ప్రతిసారీ, ముందు కరెంటు పోవాలని మొక్కి ఆ తర్వాతే మిగతా కోరికలు చెప్పుకుంటారు. మొదటి కోరికను అమ్మ తరచుగానే తీర్చేది.

ఆ గుడిలో మొదటి నుంచీ పేరు లేని వస్తువు ఒక్కటే ఉంది. అమ్మవారి పాదాల దగ్గరుండే ఇత్తడి గిన్నె. అందులో బండారి ఉంటుంది. బండారి అంటే దేవతకు పెట్టే పసుపు పొడి. ఆదివారం గుడికి వచ్చినవాళ్ళు చిటికెడు తీసి అమ్మ పాదాల మీద చల్లి, వేలికి అంటింది నొసట పెట్టుకుంటారు. పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం, జనం వచ్చేసరికి గిన్నె నిండి ఉండేది. ఎవరు నింపుతున్నారో తెలియదు.

వేరే ఊళ్ళో అయితే చేతులు పచ్చగా ఉన్న మనిషిని పట్టుకుంటే సరిపోయేది. మా ఊళ్ళో ఆ లెక్కన ముందు రైతులను, తర్వాత హమాలీలను, ఆ తర్వాత పసుపు పళ్ళెం తాకిన ప్రతి ఇల్లాలినీ పట్టుకోవాలి. ఆ బండారి కూడా మామూలుది కాదు. ఆదివారం పెట్టుకుంటే బుధవారం దాకా నొసలు వదలదు. ఒకాయన ఆధార్ ఫోటోలో కూడా అది పడింది. నేను ఆ కార్డు చూశాను.

ఎవరై ఉంటారని జనం చాలా ఆలోచించారు. ఒకరు డాక్టరు అన్నారు, ఒకరు కాంట్రాక్టరు అన్నారు, ఒకరు రైసుమిల్లు యజమాని అన్నారు. లింగవ్వ పేరు ఎవరి నోటా రాలేదు. ఆ చుట్టుపక్కల ఇంకా ఇసుర్రాయి తిప్పే మనిషి ఆమె ఒక్కతే అని అందరికీ తెలుసు. అయినా రాలేదు. దాత అంటే ఇచ్చేవాడే గానీ ఇసిరేవాడని మా దగ్గర ఎవరూ అనుకోరు.

లింగవ్వకు అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. పుట్టిల్లు సిరికొండ. అత్తగారి ఊళ్ళో అరెకరం పసుపు ఉంది. పసుపు తవ్వే కాలంలో ఆమెకు మంచి గిరాకీ. కొమ్ములు ఉడికాయో లేదో తెలుసుకోవడానికి అందరూ చీపురు పుల్ల గుచ్చి చూస్తారు. లింగవ్వ గుచ్చదు. ఆవిరి వాసన చూసి "దించుండ్రి" అంటుంది. ఆ ముక్కును నమ్ముకుని మూడు ఊళ్ళలో బాయిలర్లు నడిచేవి. ఒకసారి ఆమెకు జలుబు చేస్తే మూడు ఊళ్ళలోనూ పొయ్యిలు ఆర్పి నాలుగు రోజులు కూర్చున్నారు.

ఆమె భర్త హన్మయ్య. మంచివాడు. చెవిలో పడ్డ మాట నోట్లోంచి బయటకు వచ్చేలోపు కొంచెం లావెక్కుతుంది, అంతకుమించి ఆయనలో లోపం లేదు.

ఇక మొక్కు సంగతి. పన్నెండేళ్ళ కిందట లింగవ్వ కూడా ఆ గుడికి ఒక వస్తువు ఇచ్చింది. స్టీలు బిందె. దుకాణంలో మిషనుతో దాని మీద తన పేరు చెక్కించింది. "లింగవ్వ, భర్త హన్మయ్య" అని. ఆ తర్వాత గుడికి వెళ్ళిన ప్రతి ఆదివారం ఆమె కళ్ళు ముందు బిందెను వెతికేవి. పేరున్న వైపు ముందుకు ఉందా, గోడ వైపు ఉందా అని. ఒక ఆదివారం అది గోడ వైపు ఉంది. జనాన్ని తోసుకుని వెళ్ళి ముందుకు తిప్పింది. తృప్తిగా ఇంటికి వచ్చింది. అన్నం తింటుంటే గుర్తొచ్చింది, అమ్మవారికి దండం పెట్టలేదని. ఇంకాస్త ఆలోచిస్తే, అమ్మవారి మొహం చూసి ఎన్ని వారాలైందో కూడా గుర్తు రాలేదు.

మరునాడు ఇటుక ముక్క తీసుకుని వెళ్ళి బిందె మీద పేరు గీకేసింది. మిషను చెక్కిన పేరు కదా, పోవడానికి చాలాసేపు పట్టింది. అప్పుడు మొక్కుకుంది. "అమ్మా, బతికున్నన్నొద్దులు నీకు బండారి పోస్త. దాని మీద నా పేరు వినవడొద్దు. నీకూ నాకూ నడుమ నా పేరు రావొద్దు. నువ్వు మెచ్చితే సాలు."

నేను చిన్నప్పుడు కాన్వెంటులో చదువుకున్నాను. వారానికి ఒక మంచి పని ఎవరికీ తెలియకుండా చెయ్యాలని అక్కడ సిస్టర్లు నేర్పేవారు. చేసినవాళ్ళు సోమవారం ప్రార్థన అయ్యాక చెయ్యెత్తి చెబితే బోర్డు మీద నక్షత్రం వేసేవారు. నాకు తొమ్మిది నక్షత్రాలు వచ్చాయి. మంచి పనులు రెండో మూడో చేసినట్టు గుర్తు. లింగవ్వ బడికి పోలేదు కాబట్టి ఆమెకు ఈ పద్ధతి తెలియదు.

హన్మయ్యకు తెలియకుండా పదకొండేళ్ళు నడపడం చిన్న పని కాదు. శనివారం మధ్యాహ్నం ఆయన పెర్కిట్ చాయ్ హోటలుకు వెళ్ళగానే, తన అరెకరంలోని మంచి కొమ్ములు ఏరి రోట్లో దంచేది. ఇసుర్రాయి మీద ఇసిరి, పాత నూలు చీర గుడ్డలో జల్లించేది. గుడ్డలోంచి దిగింది అమ్మకు. గుడ్డలో మిగిలిన బరక కూరలోకి. ఆదివారం కోడికూత వేళకు వెళ్ళి గిన్నె నింపి వచ్చేసేది. ఇల్లంతా పసుపు వాసన ఎందుకని హన్మయ్య అడిగితే కూర కోసమని చెప్పేది. కంచంలో చూస్తే అది నిజమే అనిపించేది.

"నువ్వు కూర వండుతున్నవానే, పసుపుకే ఉప్పు కారం ఏస్తున్నవా?" అని పదకొండేళ్ళలో ఆయన చాలాసార్లు అడిగాడు.

"కీళ్ళనొప్పులకు మంచిది. తిను."

"నాకు కీళ్ళనొప్పులు లెవ్వు."

"మరి తింటున్నవ్ గదా, ఎట్లొస్తయి?"

ఇంత సాఫీగా సాగుతున్న పనిలోకి భూమయ్య సేటు వచ్చి పడ్డాడు.

భూమయ్యకు ఆర్మూరులో అడ్తి దుకాణం ఉంది. రైతులు తెచ్చిన పసుపును అమ్మిపెట్టే వ్యాపారం. చెడ్డవాడు కాదు. ఒక ఫిబ్రవరి ఆదివారం ఎందుకో పెందలాడే గుడికి వచ్చాడు. లింగవ్వ గిన్నె నింపి వెళ్ళి పది నిమిషాలైంది. భూమయ్య వంగి, బొట్టు పెట్టుకుందామని గిన్నెలో చెయ్యి పెట్టాడు. సరిగ్గా అప్పుడే గుడి కమిటీ అధ్యక్షుడు గంగాధర్ మైకు సెట్టు పట్టుకుని లోపలికి వచ్చాడు. ముందురోజంతా పసుపు కుప్పల్లో చేతులు పెట్టి చూసిన మనిషి కాబట్టి, భూమయ్య మోచేతుల దాకా పచ్చగా ఉన్నాడు.

"దొరికినవ్ సేటూ!" అని అరిచాడు గంగాధర్. "పదకొండేండ్ల సంది దొంగలెక్క పోసుడు, గియ్యాల దొరికినవ్!"

"నేను కాదు గంగాధర్. బొట్టు వెట్టుకుందామని చెయ్యి వెట్టిన, గంతే."

ఇక్కడ మా దగ్గరి ఆచారం ఒకటి చెప్పాలి. దానం చేసినవాణ్ణి పట్టుకుంటే వెంటనే ఒప్పుకోకూడదు. ఒప్పుకుంటే గొప్పలకు పోయాడంటారు. రెండుసార్లు కాదనాలి, మూడోసారి నవ్వాలి. అందుకని మా ఊళ్ళో నిజంగా చెయ్యనివాడికి తప్పించుకునే దారి లేదు. కాదు అన్నకొద్దీ నమ్ముతారు.

మొదటిసారి భూమయ్య నిజంగానే కాదన్నాడు. రెండోసారి కూడా నిజంగానే అన్నాడు గానీ, గొంతు కొంచెం తగ్గింది. మూడోసారి అడిగేసరికి గుడి ముందు ఇరవైమంది చేరారు. ఇరవైమందీ ఆయన వైపు చేతులు జోడించారు. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో ఆయన మీదికి వేలు చూపించినవాళ్ళున్నారు గానీ చేతులు జోడించినవాళ్ళు లేరు. భూమయ్య అవునని అనలేదు. కాదనీ అనలేదు. నవ్వాడు.

"నవ్విండు! నవ్విండు!" అని గంగాధర్ మైకులో చెప్పాడు.

నాలుగు రోజుల్లో పెర్కిట్ చౌరస్తాలో పది అడుగుల ఫ్లెక్సీ లేచింది. "గుప్తదాత భూమయ్య సేటు గారికి ఘన సన్మానం." గుప్తదాత అన్న అక్షరాలు హైవే మీద పోయే లారీ డ్రైవర్లు కూడా బ్రేకు తొక్కకుండా చదువుకునేంత పెద్దగా ఉన్నాయి. ఫోటోలో భూమయ్య చేతులు జోడించి ఉన్నాడు. ఆయన వెనకాల అమ్మవారు ఉంది, ఆయనకంటే కొంచెం చిన్నగా.

ఆ వార్తను లింగవ్వకు చేరవేసింది హన్మయ్య. ఆమె కల్లంలో కూర్చుని కొమ్మును ఒక కుప్పలోకి, గుండ్రటి గోళను ఇంకో కుప్పలోకి వేరు చేస్తోంది.

"ఓయ్, ఇన్నవానే? బండారి పోసేటిది భూమయ్య సేటట! నాకు ముందుగాల్నే డౌటుండె."

"నీకెందుకు డౌటచ్చింది?"

"గాయన మొకంల ఏదో తేజం ఉంటదే. గట్ల గుట్టుగ దానం జేసేటోళ్ళ మొకం చూస్తెనే తెలుస్తది. నేను మనిషిని చూసి చెప్త."

లింగవ్వ ఆయన మొహం చూసింది. ఆయన ఆమె మొహం చూశాడు. ఆయనకేమీ తెలియలేదు. ఆమె మాత్రం చేతిలోని గోళను కొమ్ముల కుప్పలో వేసింది. పెళ్ళయి వచ్చాక ఆమె చేసిన మొదటి పొరపాటు అది.

సన్మానానికి హారతి పట్టడానికి ముత్తయిదువలు కావాలన్నారు. హన్మయ్య ఉత్సాహంగా లింగవ్వ పేరు ఇచ్చేశాడు. ఆమె వెళ్ళి పళ్ళెం పట్టింది. భూమయ్య నొసట బొట్టు పెట్టమన్నారు. తను ఇసిరిన బండారినే గిన్నెలోంచి తీసి ఆయనకు పెట్టింది. గంగాధర్ శాలువా కప్పి మాట్లాడాడు. "గీ రోజులల్ల చారాణ పనికి రూపాయంత పేరు అడుగుతరు. కానీ మన సేటు పేరు ఆశించని మనిషి. గందుకే ఆయన పేరు జిల్లా మొత్తం తెల్వాలె!" అన్నాడు. అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది హన్మయ్య. భూమయ్య లేచి "అంతా అమ్మ దయ" అని కూర్చున్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడినా అబద్ధం అవుతుందని ఆయనకు తెలుసు. జనం మాత్రం ఆ వినయానికి కరిగిపోయారు.

ఆ పూట లింగవ్వ అన్నం సరిగ్గా తినలేదు. నాకు శాలువా మీద కోపం కాదు, అబద్ధం మీద కోపం అనుకుంది. పడుకునేలోపు ఆ మాట చాలాసార్లు అనుకోవాల్సి వచ్చింది.

శనివారం హన్మయ్య చాయ్ హోటలుకు వెళ్ళాడు. లింగవ్వ ఇసుర్రాయి వైపు చూసింది. లేచి వెళ్ళి దాని మీద గోనెసంచి కప్పింది. ఆ ఆదివారం గిన్నె ఖాళీ. పై ఆదివారం కూడా ఖాళీ. హన్మయ్య ఇంట్లో కూర తెల్లగా అయింది. "గిదేందే, పత్యం కూర పెడ్తున్నవా?" అన్నాడు. పదకొండేళ్ళు తిట్టుకున్న పసుపు కోసం ఆయన నాలుక వెతుక్కుంది.

గుడి దగ్గర జనం గిన్నె వైపు చూసి, తర్వాత భూమయ్య వైపు చూశారు. పూలమ్మే లసుమవ్వ నోరు ఊరుకోలేదు.

"ఏం సేటూ, శాలువా కప్పంగనే చేతులు ఎచ్చవడ్డయా? బయటికి తీయబుద్ధయితలేదా?"

భూమయ్య ఆ రోజే బజారుకు పోయి పసుపు పొడి ప్యాకెట్లు కొనుక్కొచ్చి గిన్నె నింపాడు. ఇంకో ఊళ్ళో అయితే గండం గడిచేది. పసుపు పండించే ఆడవాళ్ళ ముక్కుల ముందు ప్యాకెట్ పొడి పెట్టడం మాత్రం పెద్ద సాహసం. మొదటి చిటికెడుకే లసుమవ్వ మొహం తిప్పుకుంది.

"గిది మన మట్టిల పుట్టింది కాదు."

"మిషన్ల ఏడెక్కి సచ్చిన పసుపు," అంది పక్కనున్నామె.

సోమవారం పొద్దున్నకే ఊళ్ళో నొసళ్ళన్నీ బోసిగా అయ్యాయి. గుప్తదాత మనసు మారిందని, పేరు రాగానే సరుకు తగ్గించాడని చాయ్ హోటళ్ళలో మాట్లాడుకున్నారు. గంగాధర్ ఫ్లెక్సీ తీసేయాలా వద్దా అని కమిటీ మీటింగు పెట్టాడు.

బుధవారం పొద్దున భూమయ్య లింగవ్వ ఇంటికి వచ్చాడు. హన్మయ్య ఎదురెళ్ళి మంచం వాల్చాడు.

"హన్మన్నా, జర చాయ్ తెప్పిస్తవా?" అన్నాడు భూమయ్య.

"ఇంట్లనే పెడ్తది."

"హోటల్ చాయ్ తాగాలనుంది."

హన్మయ్య డబ్బా పట్టుకుని వెళ్ళగానే భూమయ్య మంచం మీది నుంచి దిగి నేల మీద కూర్చున్నాడు. పెద్ద మనిషి, పెద్ద పొట్ట. నేల మీద కూర్చోవడానికి కొంత కాలం పట్టింది.

"లింగక్కా, నువ్వు మాట దాచుకుంటవని వచ్చిన. బండారి పోసింది నేను కాదు."

"అట్లనా," అంది లింగవ్వ.

"అందరు దండం వెట్టంగనే నా నోరు పెగల్లేదక్కా. నవ్విన. గా నవ్వే నా కొంప ముంచింది. ఇప్పుడు నువ్వే జర ఇసిరియ్యాలె. ఎవ్వలకు తెల్వద్దు. గుట్టుగ ఇసిరియ్యి, నేను గుట్టుగ పోస్త."

పదకొండేళ్ళుగా గుట్టుగా చేస్తున్న పనిని గుట్టుగా చెయ్యమని అడుగుతున్న మనిషిని లింగవ్వ కాసేపు చూసింది.

"నా ఇసుర్రాయి గూటం ఊడింది. నడుస్తలేదు."

భూమయ్య తల దించుకున్నాడు. తనలో తనే మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు.

"నేనంటే అబద్ధపోన్ని, ఒప్పుకుంట. కానీ అక్కా, ఇన్నేండ్లు పోసినోళ్ళకు ఏమైంది? శాలువా నాకు కప్పంగనే బందువెట్టిండ్రు. అమ్మ కోసం పోసేటోళ్ళయితే అమ్మ ఏం తప్పు చేసిందని బందువెడ్తరు? గా శాలువా మీద ఆళ్ళకు గూడ ఆశ ఉండెనేమో. నేను పైకి నవ్విన, ఆళ్ళు లోపల నవ్వుకున్నరు. గంతే ఫరక్."

హన్మయ్య చాయ్ తెచ్చాడు. భూమయ్య తాగి వెళ్ళిపోయాడు. ఆమె ముందు పెట్టిన చాయ్ మీద మీగడ కట్టింది.

ఆ మధ్యాహ్నం ఆమె గుడికి వెళ్ళింది. ఎండ వేళ కాబట్టి ఎవరూ లేరు. గిన్నెలో భూమయ్య ప్యాకెట్ పొడి అడుగున ఇంకా ఉంది. దాని ముందు కూర్చుని అమ్మవారిని నిలదీసింది.

"గాయన నవ్వుతుంటే ఊకున్నవ్. నేను హారతి పడ్తుంటే సూసుకుంట కూసున్నవ్. నీకు పానం ఒప్పిందా? గాయన అన్న మాట నిజమేనా, చెప్పు. నేను నీకే పోసిన అనుకున్న. మరి గా శాలువా సూడంగనే నా కడుపు ఎందుకు మండింది? ఎవ్వలకు తెల్వకుంట చేసిన గానీ, తెలిస్తె ఎంత మెచ్చుకుంటరో అని రోజు అనుకున్ననేమో. బిందె మీద పేరు ఇటుకతోని గీకిన. లోపల చెక్కింది ఏ ఇటుకతోని గీకాలె?"

అమ్మవారు ఎప్పటిలాగే ఉంది. కరెంటు ఉంది కాబట్టి ఫ్యాను తిరుగుతోంది.

శనివారం లింగవ్వ ఇసుర్రాయి మీది గోనెసంచి తీసింది. కొమ్ములు ఎప్పటికంటే జాగ్రత్తగా ఏరింది. ఆదివారం కోడికూత వేళకు తట్టలో బండారి పెట్టుకుని, పైన గుడ్డ కప్పి వెళ్ళింది. గుడి ఎదురుగా ఉన్న గోడ చాటు నుంచి చూస్తే గిన్నె పక్కన భూమయ్య కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో శాలువా మడత పెట్టి ఉంది. అసలు మనిషి ఇవాళైనా వస్తే కాళ్ళ మీద పడి శాలువా ఇచ్చేద్దామని తెల్లవారకముందే వచ్చి కాపు కాశాడు. ఆ సంగతి తెలియని గంగాధర్, సేటు దీక్షలో ఉన్నాడనుకుని ఆయనకు బ్రెడ్డు, పాలు తెచ్చి పెట్టాడు.

లింగవ్వ ఇంటికి తిరిగి వెళ్ళింది. ఆరు గంటలకు మళ్ళీ వచ్చింది. భూమయ్య కదల్లేదు. మళ్ళీ వెళ్ళింది. ఎనిమిదింటికి మూడోసారి వచ్చేసరికి గుడి నిండా జనం. ఆ ఉదయం భూమయ్య ప్యాకెట్ పొడినంతా ఎత్తి పారేసి గిన్నెను తోమి పెట్టాడు. ఖాళీ గిన్నెలో చెయ్యి పెట్టి జనం ఉత్త వేలును నొసటికి ఆనించుకుని పోతున్నారు.

గోడ చాటున లింగవ్వ తట్ట నెత్తిన పెట్టుకుని నిలబడింది. ఇప్పుడు పోతే అందరూ చూస్తారు. పేరు వినపడుతుంది. మొక్కు పోతుంది. పోకపోతే అమ్మ గిన్నె ఇంకో వారం ఖాళీ. పేరు దాచుకోవడానికి గిన్నెను ఎండబెడితే, నడుమ మళ్ళీ నా పేరే కదా వచ్చి కూర్చుంది అనుకుంది. తెలిస్తే తెలియనీ, తిడితే తిట్టనీ, పొగిడితే పొగడనీ. చీర కొంగు బిగించి నడిచింది.

జనం దారి ఇచ్చారు. తట్ట మీది గుడ్డ తొలగగానే వాసన గుడి మొత్తం నిండింది. లసుమవ్వ ముక్కు ఎగరేసింది.

"గిదీ! గిదే మన బండారి!"

లింగవ్వ గిన్నె నింపింది. ఇక అడుగుతారు, చెప్పాల్సిందే అనుకుంది. గంగాధర్ అడిగాడు కూడా.

"లింగవ్వా, గిది ఎవలు పంపిండ్రు?"

ఆమె నోరు తెరిచేలోపు అతనే భూమయ్య వైపు తిరిగి మైకు అందుకున్నాడు. "సేటు బండారి వచ్చింది! అందరు లైనుల రావాలె!"

పదకొండేళ్ళు చాటుగా చేసిన పనిని ఆమె ఇప్పుడు పట్టపగలు, యాభైమంది ముందు, నెత్తిన మోసుకొచ్చి చేసింది. ఎవరూ చూడలేదు. తట్ట మోసే మనిషికి వెనకాల పంపించినవాడు ఒకడు ఉండే తీరాలి కదా. హన్మయ్య కూడా ఆ జనంలో ఉన్నాడు. "మావోళ్ళతోని మోపిచ్చిండు సేటు," అని పక్కవాడికి గర్వంగా చెప్పాడు.

చూసింది భూమయ్య ఒక్కడే. పంపింది తను కాదని ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు మరి. లేచి నిలబడ్డాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. శాలువా మడత విప్పుతూ ఆమె వైపు అడుగు వేశాడు.

"అక్కా... నువ్వా..."

లింగవ్వ గిన్నెలోంచి గుప్పెడు బండారి తీసి ఆయన నొసట అద్దింది. చిటికెడు పెట్టాల్సిన చోట గుప్పెడు కాబట్టి కళ్ళల్లో, ముక్కులో, నోట్లో కూడా పడింది.

"శాలువా నువ్వే కప్పుకో సేటూ," అంది ఆయనకు మాత్రమే వినపడేలా. "పొద్దుగాల చలి వెడ్తుంది. గీ మాట నీ కడుపులనే ఉంచుకో. నాకు మొక్కున్నది."

భూమయ్య ఏదో అనబోయి తుమ్మాడు. ఆ తుమ్ముకు గంట దానంతటదే మోగిందని అంటారు. నేను అక్కడ లేను గానీ నమ్ముతాను. రెండుసార్లు తుమ్మాడు, నాలుగుసార్లు తుమ్మాడు, ఒళ్ళంతా ఊగిపోతూ వరసగా తుమ్మాడు. పచ్చటి మొహం, కళ్ళల్లోంచి ధారలు. అమ్మ పూనిందని లసుమవ్వ కేక పెట్టింది. అంతే, జనమంతా ఆయన చుట్టూ మూగారు. ఒకరు నిమ్మకాయ తెచ్చారు, ఒకరు నీళ్ళు చల్లారు. గంగాధర్ ఆయన నోటి దగ్గర మైకు పెట్టాడు. వానలు ఎప్పుడు పడతాయో చెప్పమన్నారు, పసుపు ధర చెప్పమన్నారు. ప్రతి ప్రశ్నకూ ఆయన తుమ్మాడు. ప్రతి తుమ్మునూ శుభమనే అనుకున్నారు.

అమ్మవారి ముందు ఎవరూ లేరు. ఆదివారం పూట, ఎనిమిది దాటాక, ఆ గుడిలో అలాంటి ఖాళీ ఎప్పుడూ ఉండదు. లింగవ్వ ఖాళీ తట్ట చంకలో పెట్టుకుని నిలబడి అమ్మవారి మొహం చూసింది. కుడి కన్ను ఎడమ కన్నుకంటే కొంచెం పెద్దగా చెక్కారు. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఆమె ఎప్పుడూ గమనించలేదు.

కడుపులో మంట ఉందా అని వెతుక్కుంది. లేదు. దాని బదులు ఇంకొకటి ఉన్నట్టు అనిపించింది. ఇంతమంది నడుమ పేరు వదులుకున్నాను, నాలాంటిది ఎవరుందన్న చిన్న మురిపెం. అది ఎప్పుడు వచ్చి కూర్చుందో తెలియదు. లింగవ్వకు తన మీద తనకే నవ్వొచ్చింది.

"గిది గూడ నువ్వే సూస్కోవాలె," అంది. "నాతోని అయ్యేటట్టు లేదు. నీకు మెచ్చబుద్ధయితే మెచ్చు, లేకుంటె లేదు. వచ్చే ఐతారం మల్లొస్త."

నొసట చిటికెడు పెట్టుకుని, వెనకాల తుమ్ముతున్న గుప్తదాతను తప్పించుకుంటూ, నాలుగో మెట్టు ఎక్కి దిగి బయటకు నడిచింది. ఉడకాల్సిన పసుపు ఇంకా రెండు చోట్ల ఉంది.